తోకల్లేని ఎనిమిది స్వరాలు

గురువారం గురువారం తార్తూలో,
గడ్డకట్టిన నదికి ఇవతల,
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని
ఆ చిన్న కాఫీ కొట్లో చేరేవాళ్ళం.
మందుల షాపు మూసి హిల్యా వచ్చేది,
బస్సు డిపోలో వదిలి రైవో వచ్చేవాడు,
నేను ఊరికే వచ్చేదాన్ని.
వంబోలా మాత్రం జేబులో చీటీతో.

పియానోలు శ్రుతి చేసిన చేతులు ఆయనవి.
మాటల్నీ అలాగే బిగించేవాడు,
పిసరు ఎక్కువైతే తెగుతుందన్నట్టు.

"ఆరు తీగలు, గిటారు కాదు,
మోకాళ్ళ మధ్య నిలబడి ఏడుస్తుంది."
వియోలా ద గాంబా! కోటు విప్పకుండానే విప్పేశాడు రైవో.

"ఒక్క దెబ్బ కోసం గంటసేపు కూర్చున్నవాడు."
మా ఆయన, అంది హిల్యా.
కాఫీ ఒలికి, తుడిచి, ఇంకోసారి నవ్వాక
ఆర్కెస్ట్రాలో తాళాలు మోగించేవాడని ఒప్పుకుంది.

వచ్చిన దారినే వెనక్కి నడిచే పీతకి
రెండు వారాలు పట్టింది, ఒక తగువు కూడా.

సరైన జవాబుకి ఆయన చప్పట్లు కొట్టడు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"హెఆ" అంటాడు.
మంచిది, అని.
అంత చిన్న మాట కోసం
మైనస్ ఇరవైలో నడిచి వచ్చేవాళ్ళం.

ఫిబ్రవరిలో చీటీ వచ్చింది,
ఆయన రాలేదు.

అయిదు గీతలు, ఎనిమిది స్వరాలు.
తోకల్లేవు, తాళం లేదు,
సాయానికి ఒక్క మాటైనా లేదు.

కూనిరాగం తీసి చూశాం.
తలకిందులుగా, అద్దంలో, చివరినుంచి మొదటికి.
రైవో గ్రంథాలయంలో ఫ్యూగులన్నీ తిరగేసి
తుమ్ములతో తిరిగొచ్చాడు.
స్వరాలకి మా దగ్గర అక్షరాలే పేర్లు గనక
అక్షరాలుగానూ చదివాం,
జర్మన్‌లో, లాటిన్‌లో, ఇటాలియన్‌లో.
ఇంట్లో మాట్లాడే భాషలో చదవాలని
ఒక్కరికీ తోచలేదు.

మూడో గురువారం
కప్పులు తీస్తూ ఆగింది కొట్టు యజమానురాలు.
పదకొండేళ్ళుగా మాకు కాఫీ పోస్తూ
ఒక్క పొడుపూ విప్పని మనిషి.
"నాకు మూడే స్వరాలొచ్చు," అంది,
"నా పేరులోవి. ఎ, హా, ఆ.
ఎప్పుడో బిల్లు వెనక రాసిచ్చాడు."
ఎహా ఆమె పేరు. మునిమాపు అని అర్థం.

తడి వేలు కాగితం మీద పెట్టి
చిన్న బడి పిల్లలా కూడబలుక్కుంది.
హా, ఎ, ఆ, దె.
ఆ, ఎ, గె, ఆ.

హెఆద్ ఆఎగ.

రోజుకి పదిసార్లు అనే మాట మాకది,
బస్సు దిగుతూ, చిల్లర తీసుకుంటూ, ఫోను పెట్టేస్తూ.
వెళ్ళొస్తాను, అని.
విడదీసి చూస్తే
నీ కాలం మంచిదవాలి, అని.

హిల్యాకి ముందే తెలుసట.
చెవుల్లో చుక్కల మందు ఆవిడే ఇచ్చిందట, ఆకులు రాలేటప్పుడు.
ఎడమది ముందు పోయింది, కుడిది క్రిస్మస్‌కి.
తీగ ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తోంది,
ఆపాక ఏం మోగిందో తెలియడం లేదు.
హీయుమా దీవిలో చెల్లెలి దగ్గరికి
మంచు చీల్చుకుంటూ పోయే పడవెక్కాడు.

"జవాబు చెప్పాలి కదా," అన్నాడు రైవో,
ఫోను తీసి,
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఎహా బిల్లు పుస్తకం లోంచి ఒకటి చింపింది.
వెనకవైపు అయిదు గీతలు గీసింది, వంకరగా,
మధ్యలో ఒకటి చెరిపి మళ్ళీ గీసింది.
వాటి మీద మూడు చుక్కలు పెట్టింది.
హా, ఎ, ఆ.
ఆయన మాట ఆయనకే.

వరస మార్చితే అవి ఆమె పేరే.
మాకు తెలిసింది, ముగ్గురికీ, ఒకేసారి.
పొడుపులు విప్పడం అలవాటైన నోళ్ళు
ఈ ఒక్కటీ విప్పలేదు.

స్టాంపు నేను అతికించాను.